పాలలో కోలిఫామ్: ఎన్ని ఉన్నాయన్నదే కాదు, ఏవి ఉన్నాయన్నదీ తేలాలి

అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల్లో తెల్లవారుజామునే కొట్టాల్లో పని మొదలవుతుంది. దూడను కాసేపు వదులుతారు. ఎనుము చేపగానే దూడను పక్కకు కట్టేసి చెంబులోకి పాలు పిండుతారు. చెంబులోంచి క్యానులోకి, క్యానులోంచి పాల కేంద్రంలోని పెద్ద పాత్రలోకి, అక్కడి నుంచి ఆటోలోనో వ్యానులోనో శీతలీకరణ కేంద్రానికి, ఆ తర్వాత ట్యాంకరులో డెయిరీకి, చివరికి ప్యాకెట్‌లోకి. ఇంటి గ్యాస్ పొయ్యి మీదికి చేరేలోగా ఆ పాలు ఐదారు పాత్రలు మారతాయి.

పాల కేంద్రంలో చూసేది ముఖ్యంగా వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘన పదార్థాలు). రైతుకు ధర కట్టేది వాటి మీదే. కొట్టం ఎంత శుభ్రంగా ఉంది, చెంబు ఏ నీళ్లతో కడిగారు అన్నవి చాలాచోట్ల ధరలోకి రానే రావు. అవి బయటపడేది ప్రయోగశాలలో. అక్కడ కూడా రిపోర్టులో ఒకే వరుస ఉంటుంది: కోలిఫామ్ ఇన్ని. ఆ సంఖ్య తప్పు ఉందని చెబుతుంది గానీ, ఆ తప్పు ఎక్కడ జరిగిందో చెప్పదు. ఆ ఆచూకీ దొరకాలంటే పాలలో ఉన్న కోలిఫామ్ ఏ రకమో గుర్తించాలి.

కోలిఫామ్ అంటే ఒక్క బ్యాక్టీరియా కాదు

కోలిఫామ్ అన్నది ఒక జాతి పేరు కాదు. ఒకే రకంగా ప్రవర్తించే కొన్ని బ్యాక్టీరియాలను కలిపి పిలిచే పేరు. ఇవి కర్ర ఆకారంలో ఉంటాయి, గ్రామ్ రంగు పరీక్షలో నెగటివ్, స్పోర్లు (గడ్డుకాలాన్ని తట్టుకునే గట్టి గుళ్లు) కట్టవు, గాలి ఉన్నా లేకున్నా బతుకుతాయి. అన్నిటికన్నా ముఖ్యమైన లక్షణం, పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను తిని 48 గంటల్లోగా ఆమ్లాన్ని, గ్యాస్‌ను పుట్టిస్తాయి. పాలు వాటికి సిద్ధంగా వడ్డించిన విస్తరి లాంటివి.

ఈ గుంపులో తరచుగా కనిపించేవి నాలుగు: ఎషెరిషియా, క్లెబ్సియెల్లా, ఎంటెరోబ్యాక్టర్, సిట్రోబ్యాక్టర్. మొదటి దానిలో ఇ.కోలై అందరికీ తెలిసిన పేరు. 1885లో థియోడర్ ఎషెరిష్ అనే పిల్లల వైద్యుడు పసిపిల్లల మలంలో దాన్ని గుర్తించాడు, అందుకే ఆయన పేరే దానికి నిలిచింది. మనుషుల, పశువుల పేగులే దాని అసలు ఇల్లు. క్లెబ్సియెల్లా, ఎంటెరోబ్యాక్టర్ అలా కాదు. అవి పేగుల్లోనూ ఉంటాయి, మట్టిలో, నీళ్లలో, ఆకుల మీద, ఎండు మేత మీద, రంపపు పొట్టులో కూడా హాయిగా బతుకుతాయి.

ఈ తేడాను గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కోలిఫామ్ కనిపించిందనగానే పాలలో పేడ పడిందని జనం అనుకుంటారు. కొన్నిసార్లు అది నిజమే. కొన్నిసార్లు పేడకూ దానికీ సంబంధమే ఉండదు. సరిగ్గా కడగని రబ్బరు వాషరులో వారాల తరబడి గూడు కట్టుకున్న ఎంటెరోబ్యాక్టర్ కూడా రిపోర్టులో కోలిఫామే.

పచ్చిపాలలో ఏ రకం ఎక్కడి నుంచి వస్తుంది

ఆరోగ్యంగా ఉన్న పశువు పొదుగులో పాలు దాదాపు శుభ్రంగానే ఉంటాయి. బయటికి వచ్చాకే కలుషితం మొదలవుతుంది. చన్నులకు అంటిన పేడ, తోక విసురు, పిండేవారి చేతులు, దూడ నోరు, నేల మీద లేచే దుమ్ము, అన్నీ దారులే. పొదుగు కడగడం మంచిదే గానీ, కడిగి తుడవకపోతే మురికి నీటి చుక్కలు చన్నుల మీదుగా నేరుగా చెంబులోకి జారతాయి. కడగకపోవడం కన్నా ఇది ఒక్కోసారి ఎక్కువ చెరుపు చేస్తుంది. పొడి గుడ్డతో తుడిచి, తొలి రెండు మూడు ధారలు వేరే గిన్నెలోకి పిండేస్తే చాలా తేడా కనిపిస్తుంది. ఆ ధారల్లో గడ్డలు గానీ నీళ్లతనం గానీ ఉంటే పొదుగు వాపు మొదలైందని అక్కడే తెలుస్తుంది కూడా. పొదుగు వాపు వచ్చిన పశువు ఇ.కోలైని గానీ క్లెబ్సియెల్లాను గానీ పొదుగు లోపలి నుంచే పాలలోకి వదలగలదు. అలాంటి ఒక్క పశువు పాలు కలిస్తే క్యాను మొత్తం లెక్క మారిపోతుంది.

అనంతపురం లాంటి జిల్లాలో నీటి సంగతి వేరేగా చెప్పుకోవాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేల ఇది. ఎండాకాలం బోర్లు తగ్గిపోయాక ఒకే బకెట్ నీళ్లతో చెంబు, క్యాను, మూత అన్నీ తొలిచేయడం మామూలే. దాన్ని రైతు నిర్లక్ష్యం అనడం అన్యాయం. అక్కడ నీళ్లు లేవు. కానీ బ్యాక్టీరియాకు ఆ కారణంతో పని లేదు. తొట్టి నీళ్లలో ఉన్న క్లెబ్సియెల్లా, ఎంటెరోబ్యాక్టర్ క్యాను అంచులో, మూత కింద రబ్బరులో మిగిలిపోతాయి. కడిగిన క్యాన్లను బోర్లించి ఎండలో పెట్టడం ఈ ప్రాంతంలో అందరికీ అందుబాటులో ఉన్న మందు. తడి ఆరిపోయిన చోట ఇవి పెరగలేవు.

ఇక వేడి. అప్పుడే పిండిన పాలు పశువు ఒంటి వేడితోనే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటుతుంటే అవి చల్లబడే అవకాశమే లేదు. పాలలో సహజంగా ఉండే రక్షణ పదార్థాలు మొదటి రెండు మూడు గంటలు బ్యాక్టీరియాను కొంత అదుపులో పెడతాయి. ఆ తర్వాత పగ్గాలు ఉండవు. ప్రతి అరగంటకూ రెట్టింపవుతాయనుకుంటే, మి.లీ.కి 100 ఉన్నవి మూడు గంటల్లో 6,400 అవుతాయి. ఆరు గంటలకు నాలుగు లక్షలు దాటుతాయి. అందుకే పల్లెకు దగ్గరలో పాలను 4 డిగ్రీలకు దించే బల్క్ కూలర్ ఉంటే లెక్క తగ్గుతుంది. పచ్చిపాలలో పెద్ద సంఖ్య కనిపిస్తే మురికి ఎక్కువ పడిందని అర్థం కావచ్చు. తక్కువ మురికే పడినా చాలాసేపు వేడిలో ఉన్నాయనీ అర్థం కావచ్చు. సంఖ్య ఒక్కటే చూసి ఈ రెంటినీ విడదీయడం కుదరదు.

ప్రయోగశాలలో గుర్తుపట్టే తీరు

నమూనాను ఐస్ పెట్టెలో తెచ్చి అదే రోజు పరీక్షకు పెట్టాలి. ఐస్ కరిగిపోయి మధ్యాహ్నం ఎండలో బస్సులో వచ్చిన నమూనా ప్రయాణం గురించి చెబుతుందే తప్ప కొట్టం గురించి ఏమీ చెప్పదు. పచ్చిపాలను పదింతలు, వందింతలు, వెయ్యింతలు పలుచన చేస్తారు. పాశ్చరైజ్ చేసిన, అంటే క్రిములు చచ్చేలా కొంతసేపు వేడిచేసిన పాలను పలుచన చేయకుండా 1 మి.లీ. నేరుగా తీసుకుంటారు.

మొదటి అడుగు వయొలెట్ రెడ్ బైల్ అగర్, పొట్టిగా వీఆర్‌బీఏ. అగర్ అంటే బ్యాక్టీరియాను పెంచడానికి వాడే, జెల్లీలా గట్టిపడే మేత. ఇందులోని పైత్య లవణాలు, క్రిస్టల్ వయొలెట్ రంగు కలిసి గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాను ఆపేస్తాయి. లాక్టోజ్ ఉంటుంది, ఆమ్లం పుట్టగానే ఎర్రబారే న్యూట్రల్ రెడ్ ఉంటుంది. పాల నమూనా మీద ఈ అగర్ పోసి, గట్టిపడ్డాక పైన ఇంకో పలుచని పొర పోస్తారు. పై పొర వల్ల కాలనీలు, అంటే కంటికి కనిపించేంతగా పెరిగిన బ్యాక్టీరియా గుంపులు, ఉపరితలం మీద పాకవు. పాల పరీక్షల్లో దీన్ని 30 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచుతారు. ముదురు ఎరుపు రంగులో, కనీసం అర మిల్లీమీటరు వెడల్పుతో, చుట్టూ ఎర్రటి మసక వలయంతో కనిపించేవి కోలిఫామ్ కాలనీలు కావచ్చు.

కావచ్చు అనడానికి కారణం ఉంది. బాదం పాలు, లస్సీ లాంటి తీపి కలిపిన వాటిలో లాక్టోజ్ జోలికి పోని బ్యాక్టీరియా ఆ పంచదారను తిని ప్లేటును ఎర్రబరచగలదు. అందుకే అనుమానపు కాలనీలను బ్రిలియంట్ గ్రీన్ లాక్టోజ్ బైల్ ద్రవంలో వేస్తారు. అందులో తలకిందులుగా ఒక చిన్న డర్హమ్ గొట్టం ఉంటుంది. ఆ గొట్టంలో గ్యాస్ బుడగ చిక్కితే అది కోలిఫామే అని ఖాయం చేస్తారు.

చాలా ప్రయోగశాలలు ఇక్కడ ఆగిపోతాయి. రకం తేల్చే పని నిజానికి ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఖాయమైన కాలనీని ఇయోసిన్ మిథిలీన్ బ్లూ అగర్ మీద గీస్తే ఇ.కోలై ఆకుపచ్చ లోహపు మెరుపుతో వస్తుంది. వెలుతురులో ప్లేటును కొంచెం వంచి చూస్తే ఈగ వీపు మీది మెరుపులా ఉంటుంది. క్లెబ్సియెల్లా, ఎంటెరోబ్యాక్టర్ గులాబీ రంగులో, ఉబ్బెత్తుగా, జిగటగా వస్తాయి. క్లెబ్సియెల్లా చుట్టూ మందమైన తొడుగు ఉంటుంది కాబట్టి ఆ జిగట దానిలో మరీ ఎక్కువ.

ఆ తర్వాత నాలుగు గొట్టాల పరీక్ష, ఇమ్‌విక్. తొంభై ఏళ్లు కావస్తున్నా దీని విలువ తగ్గలేదు. మొదటి గొట్టంలో ఇండోల్. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని బ్యాక్టీరియా విరిచి ఇండోల్ చేస్తే, కోవాక్స్ ద్రవం వేయగానే పైన ఎర్రటి వలయం కడుతుంది. రెండో గొట్టంలో మిథైల్ రెడ్. గ్లూకోజ్ నుంచి గట్టి ఆమ్లాలు చాలా పుడితే ఎరుపు నిలుస్తుంది. మూడోది వోజెస్ ప్రాస్కావర్. ఆమ్లాలకు బదులు అసిటోయిన్ అనే తటస్థ పదార్థం పుట్టిందా అని చూస్తుంది. నాలుగోది సిట్రేట్. వేరే ఆహారం ఏదీ లేకుండా సిట్రేట్ మీదే బతకగలిగితే ఆకుపచ్చ అగర్ నీలంగా మారుతుంది.

ఇ.కోలైకి మొదటి రెండూ పాజిటివ్, చివరి రెండూ నెగటివ్. ఎంటెరోబ్యాక్టర్‌ది సరిగ్గా దీనికి తిరగబడిన వరుస. క్లెబ్సియెల్లా న్యుమోనియే కూడా ఎంటెరోబ్యాక్టర్ లాగే వస్తుంది, వాటి దగ్గరి బంధువైన క్లెబ్సియెల్లా ఆక్సిటోకా మాత్రం ఇండోల్ దగ్గర పాజిటివ్ చూపిస్తుంది. సిట్రోబ్యాక్టర్ ఫ్రూండీ మధ్యస్థంగా ఉంటుంది: మిథైల్ రెడ్ పాజిటివ్, సిట్రేట్ పాజిటివ్, వోజెస్ ప్రాస్కావర్ నెగటివ్. క్లెబ్సియెల్లాను ఎంటెరోబ్యాక్టర్ నుంచి వేరు చేయడానికి కదలిక చూడాలి. మెత్తటి అగర్‌లో సూదితో గుచ్చితే ఎంటెరోబ్యాక్టర్ గుచ్చిన గీత దాటి చుట్టూ మసకగా పాకుతుంది. క్లెబ్సియెల్లా గీత మీదే ఉండిపోతుంది. యూరియేజ్ పరీక్ష పెడితే క్లెబ్సియెల్లా న్యుమోనియే పాజిటివ్ రావడం ఇంకో ఆధారం.

ఒక చిక్కు చెప్పుకోవాలి. పాత పుస్తకాల్లో ఎంటెరోబ్యాక్టర్ ఏరోజెనిస్ అని ఉన్నదాన్ని 2017లో జన్యువుల ఆధారంగా క్లెబ్సియెల్లా ఏరోజెనిస్‌గా మార్చారు. కానీ మిగతా క్లెబ్సియెల్లాల్లా కాకుండా అది కదులుతుంది. పాత పుస్తకం చదివి కొత్త రిపోర్టు చూసే విద్యార్థులు ఇక్కడ తికమక పడతారు. అలాగే 44.5 డిగ్రీల వేడిలో కూడా పెరిగితే అది మలం నుంచి వచ్చిన కోలిఫామే అన్న పాత నమ్మకం కూడా పూర్తిగా నిలబడదు. కొన్ని క్లెబ్సియెల్లాలు ఆ వేడిలోనూ పెరుగుతాయి. అందుకే పేడ సంగతి తేల్చడానికి ఇ.కోలైని విడిగా గుర్తించడమే మేలు. రంగు మారే క్రోమోజెనిక్ అగర్ ప్లేట్లు, అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిసే మగ్ (ఎంయూజీ) పరీక్ష ఆ పనిని ఒక్క రోజులో చేస్తాయి. డబ్బు, యంత్రం ఉన్నచోట బ్యాక్టీరియా ప్రొటీన్లను కొలిచే మాల్డీ టాఫ్ నిమిషాల్లో జాతి పేరు చెబుతుంది. లేనిచోట నాలుగు గొట్టాలు చాలు.

పాశ్చరైజ్ చేసిన పాలలో దొరికితే

పాలను 63 డిగ్రీల దగ్గర అరగంట గానీ, 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు గానీ ఉంచితే కోలిఫామ్‌లు చచ్చిపోతాయి. ఇ.కోలైలో ఎక్కువ వేడిని ఓర్చుకునే జన్యువులున్న అరుదైన రకాలు ఉన్న మాట నిజమే గానీ, రోజువారీ లెక్కలో వాటి పాత్ర చిన్నది. కాబట్టి పాశ్చరైజ్ చేసిన పాలలో కోలిఫామ్ ఉందంటే రెండే దారులు. వేడి సరిగ్గా తగల్లేదు, లేదా వేడి తర్వాత మళ్లీ ఎక్కడో కలిసింది. అమెరికాలో గ్రేడ్ ఏ పాశ్చరైజ్ చేసిన పాలకు మి.లీ.కి 10కి మించకూడదన్న హద్దు ఉన్నది ఇందుకే.

ఈ రెండు దారుల్లో ఏదో చెప్పే సాక్షి పాలలోనే ఉంది. పచ్చిపాలలో సహజంగా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పాశ్చరీకరణ వేడికి అది కూడా నశిస్తుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం పాశ్చరైజ్ చేసిన పాలు ఫాస్ఫటేజ్ పరీక్షలో నెగటివ్ రావాలి. ఫాస్ఫటేజ్ పాజిటివ్, కోలిఫామ్ కూడా ఉంది అంటే వేడి చాలలేదు, లేదా పచ్చిపాలు కలిశాయి. ఫాస్ఫటేజ్ నెగటివ్, కోలిఫామ్ ఉంది అంటే వేడి బాగానే తగిలింది, ఆ తర్వాతే కలుషితమైంది.

అయితే ఈ రెండో మాట దగ్గర చాలామంది పొరబడతారు. ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో పలుచని స్టీలు పలకకు ఒక పక్క పచ్చిపాలు, రెండో పక్క వేడిచేసిన పాలు పారతాయి. ఆ పలకకు సూదిమొనంత బెజ్జం పడిందనుకుందాం. పదివేల లీటర్లకు ఒక లీటరు పచ్చిపాలు కలిస్తే ఫాస్ఫటేజ్ పరీక్ష దాన్ని పట్టుకోలేకపోవచ్చు. కానీ ఆ పచ్చిపాలలో మి.లీ.కి లక్ష కోలిఫామ్‌లు ఉంటే, ప్యాకెట్ పాలలో మి.లీ.కి 10 తేలతాయి. ఇలా జరగకూడదనే పాశ్చరైజ్ అయిన పాల వైపు ఒత్తిడి ఎప్పుడూ ఎక్కువగా ఉంచుతారు, బెజ్జం ఉన్నా పచ్చిపాలు ఇటు రాకుండా. పంపు పాతబడి ఆ ఒత్తిడి తగ్గితే ఎవరికీ తెలియదు.

రకం గుర్తించడం అసలు పనికొచ్చేది ఇక్కడే. పచ్చిపాలు కారితే వాటిలోని కలగాపులగం అంతా వస్తుంది: ఇ.కోలై, క్లెబ్సియెల్లా, సిట్రోబ్యాక్టర్ కలిసి, ఈరోజు ఒక రకంగా, రేపు ఇంకో రకంగా. అదే ఫిల్లింగ్ యంత్రం మూతిలోనో, వాల్వు రబ్బరులోనో ఒక జిగట పొర కట్టుకుని ఉంటే, సాధారణంగా ఒకటే రకం, ఉదాహరణకు ఒకే ఎంటెరోబ్యాక్టర్, వారం తర్వాత వారం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఇ.కోలై ఒక్కటే, అదీ ప్యాకింగ్ దగ్గర తీసిన నమూనాల్లో మాత్రమే కనిపిస్తే అక్కడ పనిచేసేవారి చేతుల శుభ్రత, వాళ్లకు ఇచ్చిన మరుగుదొడ్డి, సబ్బు, నీళ్ల ఏర్పాటు చూడాలి. ఇది కూలీని నిందించే మాట కాదు. చేతులు కడుక్కోవడానికి చోటు లేనిచోట చేతులు కడగలేదని అనడంలో అర్థం లేదు.

పైపులను విప్పకుండానే కడగడానికి డెయిరీల్లో ఒకటి, ఒకటిన్నర శాతం కాస్టిక్ సోడాను 75 డిగ్రీల వేడితో తిప్పుతారు, తర్వాత ఆమ్లం. దీన్నే సీఐపీ అంటారు. సూటిగా ఉన్న పైపులో అది బాగా పనిచేస్తుంది. చివర మూసేసిన పైపు కొమ్మలో, పగుళ్లిచ్చిన రబ్బరు కింద, ఫిల్లరు మూతి వెనక ఆ ద్రావణం వేగంగా పారదు. పొర అక్కడే మిగులుతుంది. అందుకే ఒక్క ప్యాకెట్‌ను పరీక్షించి ఊరుకోకుండా, పాశ్చరైజర్ బయటి కొస దగ్గర ఒకటి, నిల్వ ట్యాంకు దగ్గర ఒకటి, ఫిల్లరు తొలి ప్యాకెట్ ఒకటి, మధ్యలోది ఒకటి వరుసగా తీయాలి. ఏ చోట నుంచి ఆ రకం మొదలైందో తేలితే విప్పాల్సిన నట్టు ఏదో తేలినట్టే.

ప్లేటు మీద ఒక్క కాలనీ లేకపోయినా పాలు పూర్తిగా శుభ్రం అనుకోకూడదు. అర లీటరు ప్యాకెట్‌లో 200 కోలిఫామ్‌లు ఉంటే మి.లీ.కి సగటున ఒకటి కూడా రాదు. ప్లేటు ఖాళీగా వచ్చే అవకాశమే ఎక్కువ. కరెంటు పోయి కిరాణా కొట్టు ఫ్రిజ్ సాయంత్రం దాకా వేడెక్కితే ఆ రెండు వందలే లక్షల్లోకి చేరతాయి.

ఈ పరీక్ష చూడలేనివి

కోలిఫామ్ పరీక్షకు హద్దులున్నాయి. ఫ్రిజ్‌లో పెట్టిన పాలను ఎక్కువగా పాడుచేసే సూడోమోనాస్ కోలిఫామ్ కాదు, లాక్టోజ్‌ను పులియబెట్టదు. వేడి తర్వాత కలుషితమైన పాలలో అదొక్కటే ఉంటే ఈ పరీక్ష నిశ్శబ్దంగా ఉంటుంది. సాల్మొనెల్లా కూడా మామూలుగా లాక్టోజ్‌ను ముట్టదు. యూరప్ 2005 నాటి నిబంధనల్లో పాశ్చరైజ్ చేసిన పాలకు కోలిఫామ్ బదులు, కోలిఫామ్‌లతో పాటు సాల్మొనెల్లా కూడా చేరే ఎంటెరోబ్యాక్టీరియేసి కుటుంబం మొత్తాన్ని లెక్కించే పద్ధతి పెట్టుకుంది. అగర్‌లో లాక్టోజ్ తీసేసి గ్లూకోజ్ వేస్తే వల పెద్దదవుతుంది. మన దగ్గర కూడా ఆ దిశగా వెళ్లడం మంచిది.

ఇ.కోలై అని తేలినంత మాత్రాన రోగం వస్తుందని భయపడనక్కర్లేదు. చాలా రకాలు హాని చేయవు. ప్రమాదకరమైనది షిగా విషాన్ని పుట్టించే రకం. అందులో ఓ157:హెచ్7 అనేది 1982లో అమెరికాలో మాంసం తిన్నవారికి జబ్బు చేసినప్పుడు బయటపడింది. పశువుల పేగుల్లో అది పశువుకు ఏ బాధా లేకుండా ఉండగలదు, పిల్లల్లో మాత్రం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇది సార్బిటాల్‌ను పులియబెట్టదు, మగ్ పరీక్షలో మెరవదు. అంటే మామూలు ఇ.కోలైని పట్టే రంగు పద్ధతి దీన్ని వదిలేస్తుంది. అనుమానం ఉంటే సార్బిటాల్ మకాంకీ అగర్, ఆపైన జన్యువును వెతికే పీసీఆర్ పరీక్ష తప్పదు.

మన ఇళ్లలో ప్యాకెట్ పాలైనా, పల్లె పాలైనా పొంగు వచ్చేదాకా కాచే అలవాటు ఉంది. ఆ పొంగుకు కోలిఫామ్‌లు నిలవవు, ఓ157 కూడా నిలవదు. ఆందోళన కాచిన పాల గురించి కాదు. పచ్చిపాలతో కలిపే పంచామృతం గురించి, బలమని పసిపిల్లలకు అలాగే పట్టే మేకపాల గురించి, కాచి చల్లార్చాక కడగని గరిటెతో వేసే తోడు గురించి. పంచామృతానికి కాచి చల్లార్చిన పాలు వాడితే పిల్లలకు ఆ ప్రమాదం తప్పుతుంది. తోడు వేసిన గిన్నెలో పెరుగు బుడగలు కట్టి, విరిగి, నీళ్లు తేలి, పేడ వాసన లాంటిది వస్తే అది పుల్లబడటం కాదు, కోలిఫామ్ గ్యాస్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆ పెరుగును మజ్జిగ చేసి వాడుకోకూడదు, మరుసటి రోజుకు అందులోంచి తోడు తీయకూడదు. గిన్నెను వేడినీళ్లతో కడిగి, కొత్త తోడు వేరే ఇంటి నుంచి తెచ్చుకోవాలి.